శుభలేఖ టెంప్లేట్: కత్తి ఎక్కడ పడుతుందో ముందే గీసుకున్న పని

ఆ కార్డు ఇప్పటికీ మా షాపులో నా టేబుల్ గాజు కింద ఉంది. ముందు పేజీ ముదురు మెరూన్, వెనక పేజీ లేత క్రీమ్. మడత దగ్గర చూస్తే వెనక పేజీ పొడవునా మూడు మిల్లీమీటర్ల మెరూన్ పట్టీ కనిపిస్తుంది. తెలియనివాళ్లు అదీ డిజైనే అనుకోవచ్చు. కార్డు వేయించుకున్న పెళ్లికూతురి నాన్నగారు మాత్రం చూడగానే పట్టుకున్నారు. "అమ్మా, మొదటి శుభలేఖ తిరుమల స్వామివారికి పంపాలి. దీన్నెలా పంపమంటావు?" అని అడిగారు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. 350 కార్డులు మా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాం.

గుంటూరులో నేనూ మా ఆయనా కలిసి డీటీపీ షాపు నడుపుతున్నాం. పాంప్లెట్లు, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు అన్నీ చేస్తాం కానీ మాఘమాసం వచ్చిందంటే శుభలేఖలే. రెడీమేడ్ కార్డు మీద ఒక రంగులో మ్యాటర్ వేసే పని వేరు. ఇక్కడ చెప్పేది మల్టీకలర్ కార్డు గురించి: వధూవరుల ఫొటో, నిండా బ్యాక్‌గ్రౌండ్, రెండు వైపులా ప్రింటింగ్, మధ్యలో ఒక మడత. డిజైన్ మేం ఫొటోషాప్‌లో చేస్తాం. ప్రింటింగ్, క్రీజింగ్ (మడత పడే చోట గాడి నొక్కడం), కటింగ్ విజయవాడలో డిజిటల్ మెషీన్ ఉన్న ప్రెస్‌లో జరుగుతాయి.

తప్పు ఎక్కడ పుట్టింది

మా దగ్గర పనిచేసే కుర్రాడు మంచి డిజైనర్. ఆ రోజు వాడు చేసింది మేమందరం రోజూ చేసేదే. కిందటి సీజన్‌లో బాగా వచ్చిన కార్డు ఫైల్ తెరిచాడు, పేర్లు మార్చాడు, కొత్త పేరుతో సేవ్ చేశాడు. ఆ పాత ఫైల్ సరిగ్గా కార్డు కొలతకే ఉంది. విప్పితే 254 × 178 మి.మీ., మడిస్తే 127 × 178. బ్లీడ్ లేదు. అంటే కత్తి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పడినా అంచున తెల్ల కాగితం బయటపడకుండా చుట్టూ అదనంగా వదిలే రంగు లేదు.

చుట్టూ మూడు మి.మీ. బ్లీడ్ కావాలని ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది. వాడు కాన్వాస్ సైజ్‌లోకి వెళ్లి వెడల్పు 260, ఎత్తు 184 చేశాడు. యాంకర్ గడి మధ్యలో కాకుండా ఎడమ పక్కన ఉండిపోయింది. దాంతో వెడల్పులో పెరిగిన ఆరు మి.మీ. మొత్తం కుడి వైపుకే చేరింది. ఆ ఖాళీని మెరూన్‌తో నింపి పంపేశాడు. స్క్రీన్ మీద చూస్తే ఏ లోపమూ కనిపించదు. నేనూ చూసి సరే అన్నాను.

ప్రెస్‌లో రెండు పక్కలా మూడేసి మి.మీ. కోశారు, నడిమధ్యన క్రీజ్ వేశారు. వాళ్ల పని సరిగ్గానే చేశారు. మా డిజైన్‌లో ముందు పేజీ మొదలైంది 127 మి.మీ. దగ్గర. క్రీజ్ పడింది 130 దగ్గర. ఆ మూడు మి.మీ. మెరూనే వెనక్కి తిరిగింది.

అదే సీజన్‌లో ఇంకో రెండు జరిగాయి. ఒక కార్డు వెనక అంతకుముందు పెళ్లివాళ్ల ఫోన్ నంబరు అలాగే ఉండిపోయింది. ప్రూఫ్ చూసేటప్పుడు పెళ్లికొడుకు పిన్నిగారు గమనించబట్టి బతికాం. మరొకరు ఇంకో వంద కార్డులు కావాలని వస్తే, వాళ్ల ఫైల్‌లో వేరేవాళ్ల పేర్లున్నాయి. ఎవరో తొందరలో పాత ఫైల్ మీదే కంట్రోల్ ఎస్ కొట్టేశారు.

మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మూల కారణం ఒకటే. మేం ఒక పెళ్లి ఫైల్‌ని ఇంకో పెళ్లికి వాడుతున్నాం. నిజానికి మళ్లీ మళ్లీ వాడదగ్గది ఆ ఫైల్‌లోని డిజైన్ కాదు. పూలు మారతాయి, రంగులు మారతాయి, దేవుడి బొమ్మ మారుతుంది. కార్డు కొలత, మడత చోటు, కత్తి పడే గీత మారవు. మారని వాటిని మాత్రమే ఒక ఖాళీ ఫైల్‌లో పెట్టుకోవాలి, మారేవన్నీ ప్రతిసారీ కొత్తగా రావాలి. ఈ ఆలోచనతోనే టెంప్లేట్ మొదలుపెట్టాను.

ముందు ప్రెస్‌లో కొలిచాను

కంప్యూటర్ ముందు కూర్చోకుండా మొదట విజయవాడ వెళ్లాను. ఇది చేయకపోతే మిగతాదంతా ఊహే అవుతుందనిపించింది. కటింగ్ చేసే పెద్దాయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. "బాబాయ్, నిజం చెప్పు, కత్తి ఎంత జరుగుతుంది?" అని అడిగాను. "కత్తి జరగదమ్మా, కట్ట జరుగుతుంది" అన్నాడు. కాగితాల కట్ట మీద కత్తి దిగేటప్పుడు పై కాగితానికీ అడుగు కాగితానికీ తేడా వస్తుంది. ఎంత మందం కట్ట పెడితే అంత తేడా. ఆయన పక్కన పెట్టిన వేస్ట్ కార్డుల్లోంచి పది తీసుకుని స్కేలుతో కొలిచాను. కట్ పక్కల్లో మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర వరకూ తేడా ఉంది. క్రీజ్ ఒక మిల్లీమీటరు లోపల ఊగుతోంది. షీటు ముందు వైపుకీ వెనక వైపుకీ ప్రింట్ కూడా అటూ ఇటూ ఒక మిల్లీమీటరు.

ఈ మూడు తేడాలూ ఒకే కార్డు మీద ఒకే దిక్కుకి కలిసి వస్తే మూడు మి.మీ. దాటుతుంది. అంచు దగ్గర క్రీజ్ తేడా ఉండదు కాబట్టి బ్లీడ్ మూడు మి.మీ. సరిపోయినా, అక్షరాలకి మాత్రం అంచు నుంచి ఐదు మి.మీ. లోపలే ఉండాలని నిర్ణయించుకున్నాను. మడతకీ అటూ ఇటూ ఐదు.

బాబాయే ఇంకో మాట చెప్పాడు. మడత మీద ముదురు రంగు నిండుగా ఉంటే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కార్డు మడిచినప్పుడు ఆ రంగు పగిలి లోపలి తెలుపు కనబడుతుంది. లామినేషన్ చేస్తే చాలా వరకూ ఆగుతుంది. లామినేషన్ సంగతి మళ్లీ వస్తుంది, అది పసుపుతో ముడిపడి ఉంది.

ఫైల్ కట్టడం

ఫైల్ మెనూలో న్యూ తెరిచి వెడల్పు 260 మి.మీ., ఎత్తు 184 మి.మీ., రిజల్యూషన్ 300 (అంగుళానికి అన్ని పిక్సెళ్లు), కలర్ మోడ్ సీఎంవైకే, అంటే ప్రింటింగ్‌లో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. పిక్సెళ్లలో ఇది 3071 × 2173. ఈ కొలతను ఆ డైలాగ్‌లోనే ప్రీసెట్‌గా దాచుకోవచ్చు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ప్రీసెట్ కొలతనే గుర్తుపెట్టుకుంటుంది, గైడ్లను, అంటే స్క్రీన్ మీదే కనబడి ప్రింట్‌లో రాని కొలత గీతలను, గుర్తుపెట్టుకోదు. మనకి కావలసింది గైడ్లు. వాటిని పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత రకం) ఫైల్ తనతోపాటే మోస్తుంది. అందుకే టెంప్లేట్ అంటే పీఎస్‌డీయే ఉండాలి.

గైడ్లను రూలర్ మీంచి మౌస్‌తో లాక్కొచ్చి కంటి అంచనాతో పెట్టడం మానేశాను. వ్యూ మెనూలో న్యూ గైడ్ అని ఉంటుంది, అందులో అంకె కొడితే అదే చోట పడుతుంది. నిలువు గైడ్లు తొమ్మిది: 3, 8, 66.5, 125, 130, 135, 193.5, 252, 257. అడ్డం గైడ్లు నాలుగు: 3, 8, 176, 181. ఇందులో 3, 257, 181 కత్తి పడే చోట్లు. 8, 252, 176 అక్షరాల హద్దు. 130 మడత. 125, 135 మడత పక్క ఖాళీ. 66.5, 193.5 ఒక్కో పేజీకి నడిమధ్య గీతలు. పేర్లన్నీ మధ్యకి వచ్చే కార్డులో ఈ చివరి రెండే ఎక్కువగా పనికొస్తాయి.

మా కొత్త సిస్టమ్‌లో ఇంకాస్త సులువు. 2014 నుంచి వచ్చిన ఫొటోషాప్ వెర్షన్లలో న్యూ గైడ్ లేఅవుట్ ఉంది. మార్జిన్ నాలుగు వైపులా 8 మి.మీ., కాలమ్స్ రెండు, మధ్య గటర్ (ఖాళీ) 10 మి.మీ. అని ఇస్తే 8, 125, 135, 252 గీతలు ఒక్క దెబ్బకి వస్తాయి. ఒక్కో కాలమ్ సరిగ్గా 117 మి.మీ. మళ్లీ అదే తెరిచి కాలమ్స్ తీసేసి మార్జిన్ 3 ఇస్తే కత్తి గీతలు వస్తాయి. ఆ రెండోసారి, ఉన్న గైడ్లను తుడిచేయమనే టిక్కు తీసేయాలి. లేదంటే మొదటివి పోతాయి. పాత సిస్టమ్‌లో మాత్రం 7.0 వెర్షన్ ఉంది. అక్కడ పదమూడు గైడ్లూ ఒకసారి చేత్తో కొట్టి ఆ పనినంతా యాక్షన్‌గా రికార్డ్ చేసుకున్నాను. అక్కడ కూడా ఇప్పుడు ఒక్క బటనే.

అన్నీ పెట్టాక గైడ్లకి తాళం వేయాలి, కంట్రోల్, ఆల్ట్, సెమీకోలన్. తాళం వేయని గైడ్ ఎంత ప్రమాదమో చెప్పలేను. మూవ్ టూల్‌తో అక్షరం జరపబోతే గైడ్ జరుగుతుంది, ఎవరూ గమనించరు. జరిగిన గైడ్ కన్నా అసలు గైడ్ లేకపోవడమే నయం. లేనప్పుడు కనీసం కొలుచుకుంటాం.

పసుపు మూలలు

ఇది ఏ పాఠంలోనూ చెప్పరు. మన ఇళ్లల్లో శుభలేఖ పంచే ముందు నాలుగు మూలలా పసుపు రాస్తారు. తడి పసుపు వేలితో అద్దినప్పుడు అది ఎంత మేర పాకుతుందో నేను ఇంట్లో పాత కార్డులు తీసి అద్ది చూశాను. మూల నుంచి రెండు వైపులా ఇంచుమించు పదిహేను మి.మీ. లామినేషన్ లేని కార్డు మీద ఆ చోట అక్షరం ఉంటే పసుపు కింద మసకబారుతుంది. కళ్యాణ మండపం పేరో, ఫోన్ నంబరో సరిగ్గా కింది మూలల్లోనే పెడుతూ వచ్చాం అన్నాళ్లూ! మ్యాట్ లామినేషన్ ఉన్న కార్డు మీద అక్షరం బాగానే ఉంటుంది కానీ పసుపు పట్టదు, ఆరాక రాలిపోతుంది. పెద్దవాళ్లకి అది బాధ.

అందుకని లామినేషన్ కావాలా అని అడిగేటప్పుడే పసుపు సంగతి కూడా ఇంటివాళ్లకి చెప్తున్నాం. ముదురు రంగు మడత ఉంటే లామినేషన్, లేత రంగు కార్డయితే వద్దు అని నా సలహా. టెంప్లేట్‌లో మాత్రం రెండింటికీ ఒకే నియమం: మూలల్లో అక్షరం వద్దు, ముఖం వద్దు.

ఈ మూలల హద్దుని గైడ్లతో చూపబోతే ఇబ్బంది వచ్చింది. గైడ్ అనేది ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయే గీత. మూలలో చిన్న గడి గీయలేదు. 18 దగ్గరా 242 దగ్గరా ఇంకో రెండు నిలువు గైడ్లు, వాటికి జంటగా అడ్డం గైడ్లు పెడితే స్క్రీన్ అంతా వలలా తయారైంది. ఏ గీత దేనికో తెలియలేదు. గైడ్లన్నీ ఒకే రంగులో ఉండటం కూడా ఒక కారణం. అప్పుడు పద్ధతి మార్చాను. హద్దు గీతలకి గైడ్లు, హద్దు ప్రాంతాలకి ఒక లేయర్, అంటే డిజైన్ మీద పరిచిన విడి పొర. అన్నిటికన్నా పైన 'గుర్తులు' అనే లేయర్ పెట్టి, నాలుగు మూలల్లో పదిహేను మి.మీ. గడులు, మడత మీద పది మి.మీ. పట్టీ, కత్తికి ఆవల ఉన్న బ్లీడ్ మేర, వీటిని లేత ఎరుపుతో నింపి కిందది కనబడేలా ఒపాసిటీ 25 చేశాను. కాగితం మీద ఎటు ముందో ఎటు వెనకో కూడా అదే లేయర్‌లో రాసిపెట్టాను. కార్డు మూసి ఉన్నప్పుడు కనిపించే ముందు పేజీ, బయటి వైపు ఫైల్‌లో కుడి సగంలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు దాదాపు అందరూ దాన్ని ఎడమ పక్కన పెడతారు.

అక్షరాలు, నలుపు, ఫొటో

పాత పేర్లు మిగిలిపోయే సమస్యకి మందు రంగులో దొరికింది. టెంప్లేట్‌లోని ప్రతి అక్షరం, శ్రీరస్తు శుభమస్తు తప్ప, కొట్టొచ్చే గులాబీ రంగులో ఉంటుంది: మెజెంటా 100, మిగతావి సున్నా. 'వధువు పేరు', 'ముహూర్తం', 'వేదిక', 'ఇట్లు' అని రాసి ఉంటుంది. కొత్త మ్యాటర్ పెట్టి సరిచూశాకే ఆ లేయర్‌కి అసలు రంగు వేయాలి. ఫైల్‌లో ఒక్క గులాబీ అక్షరం మిగిలినా ప్రెస్‌కి వెళ్లదు. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, లోపల వెతకక్కర్లేదు.

వధువు పేరు పెట్టె కొలత తీసుకోవడానికి మా దగ్గరకి వచ్చిన పేర్లలో అతి పొడవైనది వాడాను. 'చి.ల.సౌ. వెంకట నాగ సత్య లక్ష్మీ ప్రసన్న' అని ఒకే లైనులో పట్టాలి. 'రమ్య' అని రాసి టెంప్లేట్ కడితే మొదటి వారంలోనే విరిగిపోతుంది. ముహూర్తం పెట్టెకి కూడా అంతే. అర్ధరాత్రి దాటిన ముహూర్తాలకి 'తెల్లవారితే శుక్రవారం' అన్న మాట తప్పనిసరి, దానికి చోటు ముందే ఉంచాలి. చోటు లేదని ఆ మాట తీసేస్తే చుట్టాలు ఏ రోజు రావాలో పొరబడతారు.

నలుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీంట్లో చాలా షాపులు నష్టపోతున్నాయి. ఫొటోషాప్‌లో మామూలు నలుపు ఎంచుకుంటే, అమెరికా ప్రింటింగ్ రంగుల ప్రొఫైల్ డిఫాల్ట్‌గా ఉన్న సిస్టమ్‌లో సీఎంవైకేలో అది సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. నాలుగు రంగులూ కలిపి 300 శాతం. ఫొటోలో అయితే పర్వాలేదు. పది పాయింట్ల తెలుగు అక్షరానికి అది విషం. నాలుగు రంగుల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ రంగు నీడ వస్తుంది, 'స్త్రీ' లాంటి అక్షరం చదవలేం. టెంప్లేట్‌లో మ్యాటర్ కోసం నలుపు 100, మిగతా మూడూ సున్నా ఉన్న రంగునే స్వాచ్‌గా పెట్టాను. ఆ అక్షరాల లేయర్‌కి బ్లెండింగ్ మోడ్ మల్టిప్లై. అలా పెడితే కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్ రంగు అక్షరం కింద కూడా కొనసాగుతుంది, అక్షరం చుట్టూ తెల్లని సన్నగీత రాదు. కుంకుమ ఎరుపుకి మెజెంటా 100, పసుపు 100. రెండే రంగులు, శుభ్రంగా వస్తుంది.

ఫాంట్ల దగ్గర మాకు ఇంకా రెండు దారులున్నాయి. పాత సిస్టమ్‌లో అను ఫాంట్లు, కొత్తదాంట్లో యూనికోడ్, అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఒకేలా పనిచేసే తెలుగు. అను అక్షరాల అందం మీద నాకు చాలా గౌరవం, ఇన్నేళ్లూ మాకు అన్నం పెట్టింది అదే. కానీ మ్యాటర్ ఇప్పుడు వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే వస్తోంది. దాన్ని చూసి మళ్లీ టైప్ చేసే ప్రతిచోటా ఒక తప్పుకి తలుపు తెరిచినట్టే. యూనికోడ్ టెంప్లేట్‌లో అయితే అలాగే అతికిస్తాం. శీర్షికకి రామభద్ర, మ్యాటర్‌కి మండలి వాడుతున్నాం. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త ఉంది: ఫొటోషాప్‌లో టైప్ ప్రిఫరెన్స్‌లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే కొన్ని వెర్షన్లలో ఒత్తులు కిందికి దిగవు. 'లక్ష్మి' అన్న పేరు పొల్లులతో ముక్కలై నిలబడుతుంది. టెంప్లేట్‌లో ప్రతి టెక్స్ట్ లేయర్‌కి ముందే ఆ ఎంపిక చేసి ఉంచితే మళ్లీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఫొటోకి 117 మి.మీ. వెడల్పు ఫ్రేమ్. 300 రిజల్యూషన్‌లో దానికి 1382 పిక్సెళ్లు కావాలి. ఈ అంకెని గుర్తుల లేయర్‌లో ఫ్రేమ్ పక్కనే రాశాను. ఫొటో చిన్నదైతే వెంటనే ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటాం.

సేవ్ చేయడం, మొదటి పరీక్ష

బయటి వైపుకి ఒక ఫైల్, లోపలి వైపుకి ఒక ఫైల్. పేరులోనే కొలత, మడత, వైపు ఉంటాయి. వెర్షన్ నంబరు కూడా. తర్వాత విండోస్‌లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి రీడ్ ఓన్లీ టిక్కు పెట్టాను. ఇప్పుడు ఎవరైనా అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టినా టెంప్లేట్ చెడిపోదు, వేరే పేరుతో దాచుకోక తప్పదు. పెళ్లి ఫైల్ పేరుకి ముందు పెళ్లి తేదీ, తర్వాత ఇంటిపేర్లు. వంద కార్డులు మళ్లీ కావాలని వచ్చినవాళ్లు తేదీ మర్చిపోరు కదా.

మొదటి ప్రూఫ్‌లోనే దెబ్బ తగిలింది. పీడీఎఫ్‌లో మూలల ఎర్రగడులు అలాగే వచ్చేశాయి. చూస్తే, కుర్రాడు ఒక గ్రూపుని కాపీ చేసినప్పుడు గుర్తుల లేయర్ కూడా దాంతో కాపీ అయ్యింది. పైన ఉన్నదాన్ని దాచాడు, కిందది కనిపిస్తూనే ఉంది. అప్పట్లో బయట, లోపల రెండూ ఒకే ఫైల్‌లో రెండు గ్రూపులుగా ఉండేవి. వాటిని రెండు ఫైళ్లుగా విడదీసింది ఆ రోజే. గుర్తుల లేయర్‌ని ఏ గ్రూపులోనూ లేకుండా విడిగా పెట్టి లాక్ చేశాను. ప్రెస్‌కి పంపే ముందు ఆ లేయర్‌ని దాచే యాక్షన్ ఒకటి రికార్డ్ చేశాను. యాక్షన్ ఆ లేయర్‌ని పేరుతోనే వెతుక్కుంటుంది కాబట్టి 'గుర్తులు' అన్న పేరు ఎవరూ మార్చకూడదు. ఫైల్‌ని ఫ్లాటెన్ చేయకుండా ఫొటోషాప్ పీడీఎఫ్‌గా దాస్తాం. ఫ్లాటెన్ చేస్తే, అంటే లేయర్లన్నీ ఒకటిగా కలిపేస్తే, అక్షరాలు పిక్సెళ్లయిపోతాయి, 300 రిజల్యూషన్‌లో చిన్న ఒత్తుల అంచులు మెత్తబడతాయి. లేయర్లుగా ఉంచితే అక్షరాలు పిక్సెళ్లుగా కాక గీతలుగా, అంటే వెక్టార్‌గానే వెళ్తాయి.

రెండో పాఠం బోర్డర్ది. అంచుకి రెండు మి.మీ. లోపల సన్నటి బంగారు రంగు గీత వేస్తే స్క్రీన్ మీద ఎంతో ముచ్చటగా ఉంటుంది. కోశాక ఒక పక్క ఒక మి.మీ., ఇంకో పక్క మూడు మి.మీ. మిగులుతుంది, కార్డు వంకరగా కనిపిస్తుంది. తప్పు కత్తిది కాదు, ఆ చోట గీత పెట్టడమే తప్పు. ఇప్పుడు బోర్డర్ 8 గైడ్‌కి లోపలే. కావాలంటే అంచు దాకా నిండు రంగు, లేదంటే బాగా లోపల గీత, మధ్యరకం లేదు. దీని మీద కొందరు కస్టమర్లతో వాదించాల్సి వస్తోంది. పాత కార్డు తీసి చూపిస్తే ఒప్పుకుంటారు.

ప్రతి కొత్త డిజైన్‌కీ ఒక మామూలు కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి, కత్తెరతో కోసి, చేత్తో మడిచి చూస్తాం. పది నిమిషాల పని. ఇంటివాళ్లు సంతకం పెట్టేది దాని మీదే, స్క్రీన్ మీద చూసి కాదు. మడిచిన కాగితం చేతికిచ్చినప్పుడు వాళ్లు చదివే తీరే మారిపోతుంది. స్క్రీన్ మీద ఫొటో చూస్తారు, కాగితం మీద పేర్లు చూస్తారు.

తర్వాతి సీజన్‌లో 38 పెళ్లిళ్ల కార్డులు ఈ టెంప్లేట్ మీద చేశాం. కొలత వల్ల గానీ, మడత వల్ల గానీ, పాత పేరు మిగలడం వల్ల గానీ ఒక్కటీ తిరిగి రాలేదు. అంతకుముందు ఫైల్ సిద్ధం చేయడానికే గంట పట్టేది, ఇప్పుడు ఆ గంట డిజైన్ మీద పెడుతున్నాం. రెండు కార్డులు మాత్రం మళ్లీ వేయాల్సి వచ్చింది. ఒకదాంట్లో లగ్నం పేరు తప్పు, ఇంకోదాంట్లో తాతగారి పేరు ముందు 'కీ.శే.' పడలేదు. ఆ కుటుంబం ముందు నిలబడ్డప్పుడు కలిగిన బాధ ఇంకా ఉంది. మ్యాటర్‌ని ఇద్దరు, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వింటూ సరిచూడాలన్న నియమం ఆ తర్వాతే పెట్టుకున్నాం.

అనుకోని లాభం ఒకటి. ప్రెస్‌లో వాడేది 12 × 18 అంగుళాల షీటు, అంటే 305 × 457 మి.మీ. దాని మీద మా కార్డులు రెండు పడతాయి, పొడవులో 368 పోతే 89 మి.మీ. పట్టీ మిగులుతుంది. కొలత ప్రతిసారీ ఒకటే కాబట్టి ఆ పట్టీ కూడా ప్రతిసారీ ఒకటే. తాంబూలం సంచులకి కట్టే చీటీలకి దాని మీద ఇంకో చిన్న టెంప్లేట్ చేశాను. ఆ కాగితం ఇదివరకు చెత్తబుట్టలోకి పోయేది.

ఈ మధ్య ఒక ముస్లిం కుటుంబం తెలుగు, ఉర్దూ రెండూ ఉన్న షాదీ కార్డు అడిగారు. ఉర్దూ కార్డు కుడి నుంచి తెరుచుకుంటుంది, కాబట్టి దాని ముందు పేజీ బయటి ఫైల్‌లో ఎడమ సగంలో ఉండాలి. ఉర్దూ మ్యాటర్‌ని, ఉర్దూ టైపింగ్ సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌పేజ్‌లో చేసే మిత్రుల దగ్గర పీడీఎఫ్‌గా తీసుకున్నాం. పదమూడు గైడ్లలో ఒక్కటి కూడా కదపలేదు. మార్చింది గుర్తుల లేయర్‌లో ఒక్క మాట: 'వెనక' అని ఉన్నచోట కూడా 'ముందు' అని రాశాను. ఆ కాపీని గుర్తులతో సహా ప్రింట్ తీసి ఫైల్‌తో పాటు ప్రెస్‌కి పంపాను. మధ్యాహ్నం బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మా, రెండు పక్కలా ముందే రాశావు, వెనకేదీ?" వెనక లేదని, ఎటు తెరిచినా మొదటి పేజీయేనని చెప్పాను. ఆయన లైన్‌లో ఉండగానే నమూనా కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. "మడత నూట ముప్పై దగ్గరే కదా?" అన్నాడు. అక్కడే అన్నాను.